తాండ్ర పొట్లం

నిన్న సాయంత్రం మన దేశం మళ్లీ ఓడిపోయింది.

ఆ సమయానికి నేను ఒకావిడతో అప్పడాల దగ్గర బేరంలో ఉన్నాను. కట్టకి పాతిక ఉంటాయని నేను, ఇరవై మూడే ఉంటాయని ఆవిడ. మా అమ్మాయి స్టూలు మీద జీలకర్ర డబ్బాకి ఫోను ఆనించి ఫుట్‌బాల్ మ్యాచి చూస్తోంది. "పప్పా, ఫిర్ హార్ గయే," అంది. మా అమ్మాయికి దుఃఖం ఎప్పుడూ హిందీలోనే వస్తుంది. ఎవరి చేతిలో అని అడిగాను. పేరు చెప్పింది. అలాంటి దేశం ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"సరే," అన్నాను. ఆవిడ వైపు తిరిగి, "పోనీ ఇరవై నాలుగు అనుకోండమ్మా," అన్నాను.

"ఏంటి పప్పా, థోడా భీ బాధ లేదా నీకు? వారం నుంచి మ్యాచ్ మ్యాచ్ అని నువ్వే కదా అన్నావ్!"

నేను ఒకసారి లోపల వెతికి చూసుకున్నాను. అటక మీద సరుకు ఉందో లేదో చేత్తో తడిమి చూస్తాం కదా, అలాగ. ఏమీ తగల్లేదు. గుమ్మం పక్క కుర్చీలో మా మావయ్య, మా అమ్మ తమ్ముడు, వేయించిన బఠాణీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక పక్కనే మరోదాలో ఇల్లు కట్టుకుని, రోజూ సాయంత్రం స్కూటీ మీద వచ్చి దుకాణంలో కూర్చుంటాడు. అతనూ ఫోను వైపు చూశాడు.

"ఆ కీపరు సెకండ్ షిఫ్టు సేసొచ్చినట్టున్నాడమ్మా. మోకాళ్లు ఒంగట్లేదు సూడు," అన్నాడు.

మన దేశానికి గోలు పడిన ప్రతిసారీ మావయ్య ఈ మాటే అంటాడు. ఎన్ని గోల్స్ పడ్డాయో, అన్నిసార్లు అన్నాడు. మా అమ్మాయికి అది జోకు. నాకు కాదు. ఎందుకు కాదో ఎవరికీ చెప్పలేదు.

బేరం నాకు పాలతో వచ్చిన విద్య. పెళ్లిచూపుల్లో కూడా కాఫీలో పంచదార దగ్గర బేరం ఆడానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అలాంటివాణ్ణి, అడిగినంతా ఇచ్చేసి సరుకు తీసుకోకుండా ఇంటికొచ్చింది ఒక్క ఫుట్‌బాల్ దగ్గరే. టీవీ వచ్చాక మన దేశపు క్లబ్బు ఒకదాన్ని పట్టుకున్నాను. నేను పట్టుకున్న రెండేళ్లకి దాని పేరు మారింది. తర్వాత చొక్కా రంగు మారింది. ఆ తర్వాత యజమాని మారి, క్లబ్బే మరో ఊరికి వెళ్లిపోయింది. ఓడే పద్ధతి మాత్రం మారలేదు, చివరి పది నిమిషాల్లోనే, అదే ఎడమ వైపు నుంచే. వాళ్లు మ్యాచి పోగొట్టుకుంటే ఆ బరువు నేను మోస్తున్నాను అనుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ అనుకోవడం లేదు. స్కోరు చూస్తాను, గ్యాసు బండ వచ్చిందా అని అడుగుతాను.

ఇంత మొద్దుబారడం ఒక్కరోజులో రాదు. నాకు అది ఒక వానాకాలంలో మొదలైంది. నాకప్పుడు పదకొండేళ్లు.

ఈ సెక్టారు మార్కెట్లోనే, ఈ మూలనే, మా నాన్న దుకాణం. ఇప్పటి షట్టరు అప్పుడు లేదు, చెక్క పలకలు ఉండేవి. నాన్న నెలకోసారి రైలెక్కి విజయనగరం వైపు వెళ్లి గోనె బస్తాలతో తిరిగొచ్చేవాడు. అనకాపల్లి బెల్లం, చింతపండు, ఆవాలు, చోడిపిండి, ఎండు మెత్తళ్లు, మామిడి తాండ్ర. ప్లాంటులో పని కోసం వచ్చిన మన జనానికి ఇక్కడ ఉక్కు దొరికేది, జీతం దొరికేది, తాండ్ర దొరికేది కాదు. షిఫ్టు దిగి, ఖాకీ బట్టల్లోనే వచ్చి, బస్తా మూతి విప్పి వాసన చూసి, ఏమీ కొనకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయేవాళ్లు. నాన్న వాళ్లని ఏమీ అనేవాడు కాదు. "ఊరి మీద బెంగున్నోడు బేరం ఆడలేడు రా. ఆణ్ణి తొందరపెట్టకూడదు," అనేవాడు నాతో.

నాన్నకి ఒక కట్టడి ఉండేది. సరుకు పొట్లం కట్టి, పైన దారం ముడి వేసేదాకా ఎంతసేపైనా బేరం ఆడుకోవచ్చు. ముడి పడ్డాక లేదు. తగ్గించడం లేదు, మార్చడం లేదు, తిరిగి తీసుకోవడం లేదు. "ముడి పడిపోనాదమ్మా," అనేవాడు, అంతే, ఎంత గయ్యాళి మనిషైనా నోరు మూసుకుని పొట్లం సంచీలో వేసుకునేది. మార్కెట్టంతా ఆ మాటని ఒప్పుకునేది.

నేనూ పొట్లాలు కట్టేవాణ్ణి. నాది ఎడమ చేతివాటం. నా ముడి అందరిదానికీ ఎదురు తిరిగి పడేది. ఎవరూ విప్పలేకపోయేవారు, పళ్లతో కొరికి తెంపాల్సి వచ్చేది. "ఇది ముడేటిరా, శాపం!" అని మా పక్కింటి పిన్ని తిట్టేది. దాన్ని ఒక్క లాగుతో విప్పగలిగింది ఒక్క మావయ్యే.

దేశం తరఫున ఆడే ఫుట్‌బాల్ టీము కూడా నాకు ఆ పొట్లాల్లోంచే తెలిసింది. నాన్న పాత హిందీ పేపర్లు బరువు మీద కొనేవాడు. వాటి చివరి పేజీల్లో ఆటల వార్తలు. చింతపండు కట్టబోయే కాగితం మీద దేశం మూడు గోల్స్ తేడాతో ఓడిన వార్త ఉండేది, కానీ ఓడి నెల దాటిపోయేది. బాధపడదామంటే వేళ దాటిపోయింది. గెలిచిన వార్త అయితే నూనె మరకలో ఉండేది. ఒకసారి ఒక ఆటగాడి బొమ్మ బాగుందని కత్తిరించి దాచుకుని, ఆ కన్నమున్న కాగితంలోనే ధనియాలు కట్టిచ్చాను. కొన్నాయన కోహ్కాలో ఇల్లు చేరేసరికి సంచీలో ధనియాలు లేవు, దారి పొడుగునా ఉన్నాయి. ఆ రోజు నాన్న నా చెవి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మావయ్య మా ఇంట్లోనే ఉండేవాడు. కోక్ ఓవెన్లలో పని. బొగ్గుని బట్టీల్లో కాల్చే చోటు అది. బట్టీల పైకెక్కి పనిచేసేవాళ్లకి మామూలు చెప్పులు ఆగవు, చెక్క అడుగున్న జోళ్లు వేసుకోవాలి. ఇంటికొచ్చి ఎర్ర సబ్బుతో రెండుసార్లు తోముకున్నా కంటి రెప్పల అంచున నలుపు మిగిలేది, కాటుక పెట్టుకున్నట్టు. పక్కన కూర్చుంటే సబ్బూ తారూ కలిసిన వాసన. ఆ వాసనతోనే చద్దన్నంలో బెల్లం ఆవకాయ నంజుకుని తినేవాడు. తినేసి, ప్లాంటులో ఇచ్చిన పాత తోలు గ్లవ్స్, వేళ్ల కొసలు కత్తిరించినవి, వేసుకుని గ్రౌండుకి పరిగెత్తేవాడు. మా మార్కెట్ టీముకి గోల్‌కీపర్ అతను.

టీము అంటే నవ్వు వస్తుంది గానీ, టీమే. అందరూ మన తెలుగువాళ్లు, ఇద్దరు తప్ప అందరూ ప్లాంటు మనుషులు. చొక్కాలు మార్కెట్లోని దర్జీ కుట్టాడు, ఎవరో వద్దన్న కర్టెను గుడ్డతో. అందుకే మావాళ్ల వీపుల మీద నంబర్ల వెనక సన్నటి పూలు ఉండేవి. టీముకి సెక్రటరీ కూడా ఆ దర్జీయే. కానీ టీముని ఎంపిక చేసేది అతను కాదు, ప్లాంటు షిఫ్టు చార్టు. ఎవరు ఫస్టు షిఫ్టు, ఎవరు సెకండ్, ఎవరికి వారపు సెలవు అని చూసుకుని, మిగిలినవాళ్లతో ఆడేవాళ్లు. పొద్దున్న ఆరుకి డ్యూటీ ఎక్కి రెండింటికి దిగినవాళ్లు, తినీ తినకుండా నాలుగింటికి మ్యాచికొచ్చేవాళ్లు. మొదటి సగం పులులు. రెండో సగంలో కాళ్లు బరువెక్కేవి. ఎడమ వైపు ఆడే అతను ఒకసారి బంతి అవతలికి పోతే తేవడానికి వెళ్లి, గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఏటిరా, ఆట అయిపోనాదేటి?" అని దర్జీ అరిచాడు.

"నాకైపోనాది," అన్నాడతను.

అలాంటి టీము ఆ వానాకాలం ఫైనల్‌కి వెళ్లింది. ఒక మ్యాచి బొమ్మాబొరుసు వేసి గెలిచాం. ఒకదానికి అవతలి టీము ఎక్కిన వ్యాను హథ్‌ఖోజ్ దగ్గర బురదలో దిగబడి రాలేకపోయింది. సెమీఫైనల్ మాత్రం మావయ్య గెలిపించాడు. ఆ రోజు అతను ఆపిన బంతులు నాకు ఇప్పటికీ ఒక్కొక్కటీ గుర్తు. గట్టు మీద నేను వేయించిన శనగలు తింటూ ఉన్నాను. తినడం ఎప్పుడు ఆపేశానో తెలీదు. ఇంటికెళ్లేసరికి గుప్పిట్లో శనగలు తడిసి ముద్దయి ఉన్నాయి.

ఆ మర్నాడే దర్జీ దుకాణానికొచ్చి కబురు చెప్పాడు. ఫైనల్ చూడటానికి కలకత్తా నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి వస్తున్నాడు. వాళ్లకి గోల్‌కీపర్ కావాలి. రెండు టీముల కీపర్లనీ చూసి, నచ్చినవాణ్ణి వెంట తీసుకెళతాడు. ఆ క్లబ్బు నుంచి దేశం టీముకి వెళ్లడం గుమ్మం దాటినంత పని అని దర్జీ లెక్క.

నా లెక్క అంతకంటే ముందుకి పోయింది. మావయ్య పేరు పేపర్లో చివరి పేజీలో పడుతుంది. ఆ పేపరు నెల తర్వాత బరువు మీద మా దుకాణానికొస్తుంది. దాన్ని మాత్రం నేను చింతపండుకి వాడను.

కానీ ఫైనల్ ఆదివారం. ఆదివారం మావయ్యకి సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. వారపు సెలవు సోమవారం.

"ఎవరితోనైనా డ్యూటీ మార్చుకోవచ్చు కదరా," అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ. ఒకే పనిచేసే ఇద్దరు ఒకరి బదులు ఒకరు వెళ్లడం ప్లాంటులో మామూలే. ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టి ఫోర్‌మన్‌కి ఇస్తే సరిపోతుంది.

"ఈ సీజన్లో మూడుసార్లు డ్యూటీ మార్చుకున్నానక్కా. నా ఆట కోసం మరొకడు ఆ బట్టీ మీద నిలబడాలేటి, ప్రతీసారీ? ఇంక నాను నోరు తెరిచి అడగను."

"కలకత్తా నుంచి వస్తున్నాడట కదా మావయ్యా!" అన్నాను.

"ఒస్తే రానీ. రసగుల్లా తెస్తాడేమో సూడు," అని నవ్వి, కంచంలో చేయి కడిగేసుకున్నాడు. ఆవకాయ బద్ద తినకుండా వదిలేశాడు. బద్ద వదిలిపెట్టే మనిషి కాదు అతను. అది నేను చూశాను.

ఆ రోజు గురువారం. నాన్న భోజనం చేసి కునుకు తీసే వేళ, మామిడి తాండ్ర బస్తాలోంచి రెండు పలకలు తీసి చొక్కా కింద పెట్టుకుని, జేబులో దారం ఉండ, మడిచిన కాగితం వేసుకుని బయల్దేరాను. మావయ్యతో పాటు బట్టీల మీద పనిచేసేవాడు ఒకాయన ఉండేవాడు, బొబ్బిలి వైపు మనిషి, పెద్ద మీసాలు. అందరికీ మీసాల బాబాయి. ఆయనకి ఆదివారం సెలవు, సోమవారం సెకండ్ షిఫ్టు అని దర్జీ దగ్గరుండే షిఫ్టు చార్టులో చూసి పెట్టుకున్నాను. ఊరి తాండ్ర వాసనకి కళ్లు మూసుకునే మనిషి అని కూడా దుకాణంలో చూసి పెట్టుకున్నాను.

క్వార్టరు ముందు బీరపాదుకి కర్రలు పాతుతున్నాడు. "ఏటి ఛోటా సేఠ్, ఇలగొచ్చేవు?" అన్నాడు.

తాండ్ర పలక ఒకటి చొక్కా కిందనుంచి సగం బయటికి తీశాను. పూర్తిగా తీయకూడదు. అది నాన్న దగ్గర నేర్చుకున్నదే.

"ఆదివారం మా మావయ్య డ్యూటీ నువ్వు చెయ్యి బాబాయ్. సోమవారం నీది మావయ్య చేస్తాడు."

"ఆడు అడగమన్నాడేటి?"

"లేదు. నేనొచ్చినట్టు చెప్పకూడదు. నీకే సోమవారం పనుందని, నువ్వే మావయ్యని అడగాలి."

మీసాల బాబాయి కర్ర వదిలేసి నన్ను తేరిపారా చూశాడు. మీసం చివర పంటితో కొరుక్కున్నాడు. "ఆదివారం బట్టీ మీద నాను మాడిపోవాల. దానికి ఒక్క తాండ్రేటి? రెండు పెట్టు."

"ఒకటి."

"రెండు. రెండో పలక నీ సొక్కా కింద కనపడతంది."

"అది వేరే వాళ్లది," అన్నాను. అబద్ధం. "పోనీ, ఒకటీ, ఇంకోదాంట్లో సగం."

"సగం నాకెందుకురా? ముక్కలు సేసుకుని నా పెళ్లాం, నాను కొట్టుకోవాలేటి? రెండు, లేపోతే తీసుకుపో."

నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను. అదీ నాన్న దగ్గర నేర్చుకున్నదే. ఐదో అడుగుకి ముందు పిలుస్తారు. పిలవలేదు. ఆరు, ఏడు. ఎనిమిదో అడుగు దగ్గర నేనే ఆగిపోయాను. "సరే, రెండూ," అన్నాను.

అక్కడే, ఆయన గట్టు మీద కాగితం పరిచి, రెండు పలకలూ కలిపి కట్టి, దారం నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాను. నాన్న గొంతు పెట్టి చెప్పాను: "ముడి పడిపోయింది బాబాయ్. ఇంక మాట మార్చడం లేదు."

"లేదు సేఠ్, లేదు," అని మీసాల బాబాయి పొట్లం అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా ఈల వేస్తూనే ఉన్నాను.

శుక్రవారం షిఫ్టు దిగొచ్చి మావయ్య అమ్మతో అన్నాడు. "ఆదివారం ఆటకి వీలు పడిపోనాదే అక్కా. మీసాలోడికి సోమవారం ఏదో పనుందంట. ఆడే అడిగేడు." నా వైపు చూడలేదు. నేను చింతపండులో గింజలు ఏరుతూ తలెత్తలేదు. లోపల మాత్రం పేపరు చివరి పేజీ చదివేస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం వాన మొదలైంది. ఈ ఊళ్లో వానకి ముందు ప్లాంటు వాసన కిందికి దిగుతుంది, గంధకం, తారు, తడి మన్ను. తీగ మీద ఆరేసిన నాన్న పంచె నల్ల చుక్కలతో లోపలికొచ్చింది. ఆదివారం పొద్దున్న కూడా తెరిపివ్వలేదు. మూడింటికి గ్రౌండుకెళ్లేసరికి పెనాల్టీ గీత దగ్గర బాతులున్నాయి. దర్జీ గొడుగు కింద నిలబడి, కర్టెను చొక్కాల మూట గుండెకి హత్తుకుని ఉన్నాడు. కలకత్తా మనిషి రిఫరీ ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తెల్ల చొక్కా, పొట్టి మనిషి, చేతిలో చిన్న బ్రీఫ్‌కేసు. నాలుగింటికి చెప్పారు, మ్యాచి రేపు, అదే వేళకి.

రేపు అంటే సోమవారం.

ఆ క్షణం నాకు ఇప్పటికీ ఎలా ఉంటుందంటే, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు. నేను ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చుని గింజలు ఏరుకుని ఉంటే, ఆదివారం మావయ్య ప్లాంటులో ఉండేవాడు, వాన కురిసేది, సోమవారం సెలవు రోజున గ్లవ్స్ వేసుకుని హాయిగా గోలులో నిలబడేవాడు. నేను తాండ్ర ఇచ్చి మరీ ఆ సోమవారాన్ని కొని పారేశాను.

మావయ్య గ్లవ్స్ పిండి జేబులో పెట్టుకున్నాడు. "పద, తడిసిపోతావ్," అన్నాడు.

సోమవారం తెల్లవారగానే మీసాల బాబాయి క్వార్టరుకి పరిగెత్తాను. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు మీసాలకి నూనె రాసుకుంటున్నాడు.

"బాబాయ్, ఇవాళ నీ డ్యూటీ నువ్వే చేసుకో. తాండ్ర నీ దగ్గరే ఉంచుకో. ఇంకో రెండు తెస్తాను. నాలుగు తెస్తాను."

"నాలుగు తాండ్రలకి నాను దుర్గ్ టేషనుకెల్లడం మానీయాలేటి? మా అమ్మ ఒస్తంది రా రైల్లో. కంటికి ఆపరేషనయి కట్టుంది. దిగడానికి సెయ్యి పట్టుకోవాల. దీని కోసమే సోమవారం కావాలని నాను పది రోజులుగా సూస్తన్నాను."

నేను బేరగాణ్ణి కదా, అంత ఏడుపులోనూ నాకు అర్థమైంది. ఈయనకి సోమవారం ముందునుంచే కావాలి. నాకు ఎదురిచ్చి అయినా తీసుకునేవాడు. అలాంటివాడికి నేను రెండు తాండ్రలు పెట్టి, ఎనిమిదడుగులు నడిచి, వెనక్కొచ్చాను.

"నేను రాకపోతే మావయ్యనే అడిగేవాడివా?" అన్నాను. ఎందుకడిగానో తెలీదు.

"ఆణ్ణెందుకు? మలయాళీ ఆయన్ని అడుగుదామనుకున్నాను. ఆయనా సోమవారం సెలవే. నువ్వు ముందొచ్చీసినావు, నువ్వే ఇచ్చీసినావు." నా తల మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "ముడేసినావు కదా సేఠ్. నువ్వే సెప్పినావు."

అవును, నేనే చెప్పాను.

మధ్యాహ్నం దాకా మావయ్యతో పనిచేసే ఇంకో ముగ్గురి ఇళ్లకి తిరిగాను. ఒకతను నైట్ చేసి పడుకున్నాడు, లేపనివ్వలేదు. ఒకతను ఊళ్లో లేడు. ఆ మలయాళీ ఆయన తలుపుకి తాళం. ఒంటిగంటకి ఇంటికొస్తే మావయ్య ఖాకీ తొడుక్కుంటున్నాడు.

"వెళ్లకు మావయ్యా. ఒక్క రోజు వెళ్లకపోతే ఏమవుతుంది?"

"ఏటవుతాది, ఏటీ అవదు," అన్నాడు, జోళ్ల తాడు బిగించుకుంటూ. "నాను ఎల్లకపోతే పొద్దుట్నించి బట్టీ మీదున్నోడు దిగలేడు. ఇంకో ఎనిమిది గంటలు ఆడే నిలబడాల. అంతే." సైకిలెక్కేముందు గ్లవ్స్ నా చేతిలో పెట్టాడు. "దర్జీకిచ్చీ. ఇంకెవరున్నారు గనక."

నిజంగానే ఇంకెవరూ లేరు. మా గోలులో ఆ రోజు దర్జీయే నిలబడ్డాడు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయాడు. అవతలి టీము, రైల్వే కాలనీ వాళ్లు, ఐదు కొట్టారు. మొదటిది అతని కాళ్ల మధ్యనుంచి పోయింది, రెండోది చూడనేలేదు. మూడోదానికి అటువైపు జనం నవ్వడం మానేశారు, అది ఇంకా ఘోరం. అవతలి గోలులో వాళ్ల కీపరు, కరెంటు స్తంభమంత పొడుగు, ఒక్క బంతి కూడా అందుకోవాల్సిన పని లేక గోలు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మ్యాచి అయ్యాక కలకత్తా మనిషి బ్రీఫ్‌కేసు తెరిచి అతని చేతికి ఏదో కాగితం ఇచ్చాడు. గట్టు మీద నుంచి నేను చూశాను. దూరంగా ప్లాంటు మీద ఆకాశం ఒకసారి నారింజ రంగులో వెలిగింది. బట్టీలోంచి కోక్ తోసినప్పుడల్లా అలా వెలుగుతుంది. అక్కడ మావయ్య ఉన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆశ్చర్యంగా ఆకలేసింది. ఇంటికెళ్లి అమ్మ వేసిన పొంగడాలు ఏడు తిన్నాను.

మంగళవారం నాన్న తాండ్ర బస్తా చూసి రెండు పలకలు తగ్గాయన్నాడు. ఎలుకలేమో అన్నాను. ఎలుకలు కాగితం, దారం కూడా పట్టుకెళ్లాయా అన్నాడు నాన్న. అంతకంటే అడగలేదు. మర్నాటి నుంచి మావయ్య మళ్లీ చద్దన్నం, బెల్లం ఆవకాయ, షిఫ్టు. ఇంకో రెండేళ్లు గోలులో నిలబడ్డాడు. తర్వాత కర్టెను చొక్కాలు చినిగిపోయాయి, దర్జీ ఊరెళ్లిపోయాడు, గ్రౌండు చుట్టూ గోడ లేచింది.

ఆ పొడుగు కీపరు పేరు నాకు పేపర్లో ఒకే ఒక్కసారి కనపడింది. దేశం టీము ఏదో ఊళ్లో నాలుగు గోల్స్ తిని ఓడిన వార్త. చదివి వినిపిస్తే మావయ్య, "మంచి కీపరు రా. బంతి తడిగా ఉండుంటాది," అన్నాడు. ఆ కాగితంలో నేను ఆవాలు కట్టాను.

అప్పటినుంచి ఎవరు ఓడినా నాకు అది పాత వార్తలాగే ఉంటుంది.

నిన్న అప్పడాలావిడ ఇరవై నాలుగు ఒప్పుకుని వెళ్లిపోయింది. మా అమ్మాయి ఫోను బోర్లా పెట్టేసి మావయ్యని అడిగింది. "తాతయ్యా, ఆప్ భీ గోల్‌కీపర్ థే నా? మరి పెద్ద టీముకి ఎందుకు వెళ్లలేదు?"

"మీ నాన్న బేరం ఆడీసినాడమ్మా," అన్నాడు మావయ్య, బఠాణీ నోట్లో వేసుకుంటూ.

నేను మావయ్యకే తాండ్ర కడుతున్నాను, పళ్లు తక్కువైనా చప్పరిస్తానని అడిగాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెల్దేటి? ఆ శుక్రవారం క్యాంటీన్లో మీసాలోడు పొట్లం తీసి, విప్పలేక పళ్లతో కొరుకుతన్నాడు. ఇలా తే అని నానే విప్పేను. ఎడం సేతి ముడి. ఈ మార్కెట్టు మొత్తం మీద ఆ ముడేసే గుంటడు ఒక్కడే." నవ్వాడు. "సగం నాకే పెట్టేడు. కొంచెం పులుపు గానీ, బాగుండీది."

"అంటే సంతకం పెట్టక ముందే తెలుసా? ఎవరినీ అడగనన్నావు కదా. తెలిసీ ఎందుకు పెట్టావు?"

మావయ్య నన్ను చూసిన చూపులో కోపం లేదు. జాలీ లేదు. దుకాణంలో రోజూ చూసినట్టే చూశాడు.

"కాదంటే నీ బేరం పోద్ది కదరా. అంత గుంటడివి, మీ బాబు సరుకు సొక్కా కింద దాసుకుని అంత దూరం ఎల్లి ముడేసుకొచ్చేవు. విప్పీమంతావేటి?"

మా అమ్మాయి నా మొహంలోకీ అతని మొహంలోకీ మార్చి మార్చి చూసింది. నేను పొట్లం మీద దారం చివరి చుట్టు చుట్టి, ముడి వేసి, మావయ్య చేతికిచ్చాను. అతను చూడకుండానే, రెండు వేళ్లతో, ఒక్క లాగు లాగాడు. విడిపోయింది. ఒక ముక్క తుంచి మా అమ్మాయికిచ్చి, ఒకటి తన బుగ్గన పెట్టుకున్నాడు.

"వచ్చే మ్యాచి ఎప్పుడంట?" అన్నాడు.

"మంగళవారం," అన్నాను.

నాకేమీ అనిపించలేదు. తర్వాత వచ్చినతనికి చింతపండు కట్టిచ్చాను. బేరం ఆడటం మరిచిపోయానని అతను వెళ్లిపోయాక మా అమ్మాయి చెప్పింది.